నాలుగో అధ్యాయం నుంచి

జూన్ 3

అక్కా,

ఫోన్లో అయితే మూడో నిమిషానికల్లా మనిద్దరం పోట్లాడుకుంటాం గనక ఉత్తరమే రాస్తున్నాను. నా బైబిలు విడిగా పార్సిల్లో పంపాను. వెన్ను విరిగింది, ముందు అట్ట చేతికొచ్చింది. ముప్ఫై ఏళ్ళుగా ఊళ్ళోవాళ్ళందరి పుస్తకాలూ కుట్టి అట్టలు వేస్తున్నావు, తమ్ముడిది ఒక్కటి వెయ్యలేవా? నెలలోపల కావాలి. జూలైలో ప్రవక్తల మీద వరస ప్రసంగాలు మొదలుపెడుతున్నాను. ఈసారి మెత్తగా చెప్పను.

ఎవరికి చెప్తావని అడుగుతావు. ఏడుగురికి. ఏప్రిల్ మొదటి వారంలో నా సంఘంలో నలభైమంది ఉన్నారు. ఇప్పుడు మిగిలింది ఏడుగురు. అందులో ఒకాయనకు చెవులు వినపడవు, ఒకావిడ ఫ్యాను కింద కునుకు తీయడానికి వస్తుంది. మిగతావాళ్ళంతా మా వీధి చివరి హాల్లో చేరారు. మొన్నమొన్నటిదాకా అది టైర్ల గోడౌను. ఇప్పుడందులో ఒకడు మైకు పట్టుకుని గెంతుతూ ఉంటాడు. సీసాలో నూనె పోసుకుని వచ్చినవాళ్ళందరి నుదుటికీ రాస్తాడు. మోకాళ్ళ నొప్పికీ అదే నూనె, ఉద్యోగం రానివాడికీ అదే నూనె. నేను వాడికి నూనెసీసా అని పేరు పెట్టాను.

ఇరవై రెండేళ్ళు వీళ్ళకు వాక్యం చెప్పాను. వీళ్ళ పెళ్ళిళ్ళు నేను చేశాను, వీళ్ళ పెద్దల్ని నా చేతులతో మట్టిలో పెట్టాను. ఒక సీసా కనపడగానే గొర్రెలకున్నపాటి సిగ్గు కూడా లేకుండా పోయారు. గొర్రె కనీసం ఒకసారి వెనక్కి తిరిగి చూస్తుంది.

దేవుడేం చేస్తాడా అని చూస్తున్నాను. ప్రవక్తల కాలంలో ఆయన ఊరుకోలేదు. తనను వదిలి కొయ్యబొమ్మల వెంట పడ్డవాళ్ళకు వాన ఆపేశాడు, మిడతల్ని తోలాడు, పరాయి సైన్యాన్ని గుమ్మంలోకి తెచ్చాడు. ఇక్కడ మాత్రం నూనెసీసా హాలుకు నాలుగు కొత్త ఫ్యాన్లు వచ్చాయి. ఆయనకు ఓపిక ఎక్కువైంది. నాకు లేదు.

ఇంకో సంగతి. నీ మరదలు కూడా వెళ్ళిపోయింది. దాని గురించి రాయను. నువ్వు అడగొద్దు.

మంద లేని కాపరి,
నీ తమ్ముడు


జూన్ 11

ఒరే ప్రవక్తా,

పార్సిలు అందింది. దేవుడి వాక్యాన్ని కూరగాయల సంచిలో చుట్టి తాడుతో ఉరేసి పంపావు. వెన్ను విరక్క ఏం చేస్తుంది.

ముప్ఫైమందికి పైగా రెండు నెలల్లో లేచిపోతే గొర్రెలదే తప్పంటావు. ఆడలేక మద్దెల ఓడన్నాడట వెనకటికి ఒకడు. నువ్వు మాట్లాడుతుంటే నాకు తెలియకుండానే నా చెయ్యి ఫోన్ పెట్టేస్తుంది, రక్తసంబంధం ఉన్నదాన్ని నాకే అలా ఉంటే వాళ్ళ మాటేమిటి? ఇరవై రెండేళ్ళు కూర్చున్నారంటే వాళ్ళ ఓర్పుకు దణ్ణం పెట్టాలి. నీ నూనెసీసా మీద నాకేం గౌరవం లేదు, అలాంటివాళ్ళు మా వీధిలోనూ ఇద్దరున్నారు, ఒకడు నూనె బదులు రుమాళ్ళు పంచుతాడు. కానీ మిడతలు పంపమని దేవుడికి అర్జీ పెట్టుకుని గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నవాణ్ణి నిన్నే చూశాను. అవి వస్తే అడ్రసు చూసుకుని వాలవు. ముందు నీ పెరడే మేస్తాయి.

మరదలి గురించి అడగొద్దన్నావు. అడగలేదు. తల్లి పోయి మూడు నెలలు కాలేదు, ఈలోపే ఇల్లు విడిచి పోయిందంటే నువ్వెంత ఘనకార్యం చేసి ఉంటావో ఊహించుకోగలను. ఎక్కడికి పోతుంది, అన్నగారింటికేగా. ఆ అడ్రసుకు ఉత్తరం రాశాను. 'మా తమ్ముడితో కాపురం ఇక నీవల్ల కాకపోతే నా దగ్గరికి వచ్చెయ్యి, మేడమీద గది ఖాళీగా ఉంది, జిగురు వాసన ఒక్కటే కష్టం, రెండు రోజుల్లో అలవాటవుతుంది' అని.

నువ్వు కోప్పడతావని తెలుసు. కోప్పడు.

అక్క


జూన్ 18

అక్కా,

గొప్ప ఉపకారం చేశావు.

నిన్న పొద్దున ఏడింటికి నా బావగారు, అదే నీ మరదలి అన్నయ్య, బస్సు డ్రైవరు, డ్యూటీ బట్టల్లోనే మా ఇంటి ముందు దిగాడు. చేతిలో నీ ఉత్తరం. 'నా చెల్లెలెక్కడ? ఏం చేశావు దాన్ని?' అని వీధి మొత్తం వినేలా అడిగాడు. ఆయన చెల్లెలు వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతోంది. చేతిలో కత్తితోనే బయటికొచ్చి 'ఏంటన్నయ్యా' అంది. కళ్ళవెంట నీళ్ళు. అవి ఉల్లిపాయలవని ఆయన్ని నమ్మించేసరికి నాకు తలప్రాణం తోకకొచ్చింది. ఎదురింటి మేడమీద కుర్చీలు వేసుకుని చూశారు.

ఆమె వెళ్ళింది ఇంట్లోంచి కాదు. సంఘంలోంచి. నూనెసీసా దగ్గరికి. ఇంట్లోనే ఉంటుంది, వండుతుంది, 'భోజనం పెట్టాను' అని చెప్పి అవతలికి పోతుంది. లాడ్జిలో దిగినవాడికి చెప్పినట్టు చెప్తుంది. ఆదివారం పొద్దున నా చొక్కా ఇస్త్రీ చేసి తలుపుకు తగిలించి, తన పుస్తకం తీసుకుని నా ఎదురుగానే వాడి హాలుకు నడిచి వెళ్తుంది. పాస్టరు పెళ్ళాం. ఆ హాల్లో రెండో వరసలో కూర్చుంటుందట.

బావగారు టీ తాగి మరీ నాకు క్లాసు తీసుకున్నాడు. 'మా అమ్మ మంచంలో ఉన్న మూడు వారాల్లో మీరు ఎన్నిసార్లొచ్చారు బావగారూ? రెండుసార్లు. ఆయన రోజూ వచ్చి గంట కూర్చున్నాడు' అన్నాడు. ఆయన అంటే నూనెసీసా. నాకు ఆదివారం ప్రసంగాలు తయారుచేసుకోవాలి, బుధవారం ప్రార్థనలు, ఊరికే తిరిగేవాణ్ణి కాను. వాడు కూర్చున్నాడు సరే, నూనె రాశాడు సరే. ఆవిడ బతికిందా? లేదుగా. మరి ఆ నూనె ఏం పనిచేసినట్టు?

హోషేయ ప్రవక్త సంగతి నీకు తెలుసు. దేవుడు అతన్ని నిలకడలేని మనిషిని పెళ్ళి చేసుకోమన్నాడు. ఆమె పరాయివాళ్ళ వెంట పోయింది. జనం తనను వదిలిపోతే తనకెలా ఉంటుందో దేవుడు ఆ ఒక్క ఇంట్లో చూపించాడు. ఇప్పుడు నా ఇంట్లో చూపిస్తున్నాడు. ఆ ప్రవక్తకు కనీసం ఉత్తరాలు రాసి కొంప మీదికి తెచ్చే అక్క లేదు.

బైబిలు త్వరగా పంపు.

తమ్ముడు


జూన్ 25

ఒరే,

పొరపాటు నాదే. ఇల్లు విడిచిందనుకున్నాను. బావగారికి నా క్షమాపణ చెప్పు. నీకు చెప్పను, ఎందుకో ఈ ఉత్తరం అయిపోయేలోపు నీకే తెలుస్తుంది.

సోమవారం నీ బైబిలు విప్పాను. పాత పుస్తకం కుట్టాలంటే ముందు దాన్ని మడతమడతగా ఊడదియ్యాలి. పాత జిగురు గీకాలి, చిరిగిన ఆకుల వెనక పల్చటి కాగితం అతికించాలి. ఆ పని చేస్తున్నప్పుడు పుస్తకం నాకేదీ దాచదు. ఎవరు ఏ పేజీ చదివారో, ఏది చదవలేదో, ఎక్కడ ఏడ్చారో, ఎక్కడ తింటూ చదివారో వేళ్ళకు తెలుస్తుంది. నీ దానిలాంటి బంగారు అంచు పుస్తకాలైతే మరీ. కొత్తలో ఆ పూత ఆకుల్ని ఒకదానికొకటి అంటిస్తుంది. ఒక్కసారి తిప్పితే చాలు, విడిపోతుంది. తిప్పకపోతే ఎన్నేళ్ళయినా అలాగే ఉంటుంది.

నీ హోషేయ మొదటి మూడు అధ్యాయాలు మురికిపట్టి నల్లగా ఉన్నాయి. ఆమె బట్టలు ఊడదీస్తానన్న చోట, ఆమె దారికి ముళ్ళకంచె వేస్తానన్న చోట ఎర్రగీతలు రెండేసి. కాగితం అవతలికి దిగాయి. నాలుగో అధ్యాయం దగ్గర ఆకు తిప్పబోతే రాలేదు. అక్కణ్ణించి హోషేయ చివరిదాకా అంచులు అంటుకునే ఉన్నాయి. ఇరవై రెండేళ్ళ కాపరివి. హోషేయ మీద నువ్వు ఎన్ని ప్రసంగాలు చెప్పావో నాకు లెక్క తెలియదు గానీ, నువ్వు చదివింది మూడు అధ్యాయాలు. మిగతా పదకొండూ పుస్తకం అచ్చేసినవాళ్ళ ఇంటి నుంచి ఎలా వచ్చాయో అలాగే ఉన్నాయి.

ఇది చూసి నవ్వుకున్నాను. తర్వాత మడతలో దోపిన కాగితం కనపడింది. నీ దస్తూరీయే. పైన తారీఖు, ఏప్రిల్ 7. కింద అంకెలు వేసి ప్రసంగం. మూడో అంకె దగ్గర ఇలా ఉంది: 'ఉదాహరణకు దూరం పోనక్కరలేదు. నా ఇంటినే చూడండి. ఆ ప్రవక్త భార్య ఎవరి వెంట పోయిందో, నా భార్య కూడా బుధవారం నాడు అలాంటివాళ్ళ దగ్గరికే పోయింది. ఆమె ఇక్కడే, మూడో వరసలో ఉంది.' పక్కన చిన్న అక్షరాలతో: 'ఇక్కడ ఆగాలి. ఆమె వైపు చూడాలి.'

నేను ఆ కాగితం పట్టుకుని మధ్యాహ్నం దాకా ఏ పనీ చెయ్యలేదు.

మీ అత్తగారు పోయింది మార్చి ఇరవై నాలుగున. ఏప్రిల్ మూడు బుధవారం. తన తల్లి పక్కన రోజూ గంట కూర్చున్న మనిషికి కృతజ్ఞత చెప్పడానికి ఒక్క బుధవారం వెళ్ళింది, అంతే కదా? నాలుగు రోజుల తర్వాత నలభైమంది ముందు దాన్ని నువ్వు ఏ మాట అన్నావో నేను ఈ కాగితంలో చదివాను, మళ్ళీ రాయడానికి నా చెయ్యి రావడంలేదు. ఆగాలట, చూడాలట. నాటకాల వాళ్ళు నయం, వాళ్ళు ఎవర్ని తిడుతున్నా ఆ మనిషి ఇంటి అన్నం తిని తిట్టరు.

జనం నూనె కోసం పోలేదురా. ఏప్రిల్ మొదటి వారం నుంచి పోయారని నువ్వే రాశావు. నీ ప్రసంగం విని పోయారు. వాళ్ళకున్న సిగ్గు నీకు లేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నువ్వు రచ్చకెక్కి ఇంటిని ఓడగొట్టావు.

నీ అక్కనని చెప్పుకోవడానికి ఈ వారం నాకు మనసు లేదు


జూలై 2

అక్కా,

ఇతరుల కాగితాలు చదవడం నీ వృత్తి ధర్మమని నాకు తెలియదు.

ప్రవక్తలు మెత్తగా మాట్లాడలేదు. యెహెజ్కేలు ఏమన్నాడో నీకు చదివి వినిపిస్తే నీ చేతిలో జిగురు గిన్నె జారిపడుతుంది. యిర్మీయా తన జనాన్ని అడవి గాడిదతో పోల్చాడు. దేవుడికి కోపం వస్తుంది. ఆ కోపాన్ని ఎవడో ఒకడు నోరు తెరిచి చెప్పాలి. చెప్పినవాణ్ణి ఇంట్లోవాళ్ళే ముందు రాళ్ళతో కొడతారని కూడా రాసి ఉంది. నువ్వు కొట్టావు. సంతోషం.

నాలుగో అధ్యాయంలో ఏముందో నాకు తెలియదనుకున్నావా? తెలుసు. నువ్వు అట్టలు అంటించుకో, వ్యాఖ్యానాలు నాకు వదిలెయ్యి.

పుస్తకం ఎలా ఉంటే అలా తిప్పి పంపు.

తమ్ముడు


జూలై 9

ఒరే తమ్ముడూ,

పుస్తకం కుట్టడం అయిపోయింది, ఇవాళే పంపాను. కొత్త వెన్ను, కొత్త అట్ట. నీ కాగితం కూడా లోపలే ఉంది, నేను దొంగను కాను. నాలుగో అధ్యాయం నుంచి అంటుకున్న ఆకులన్నీ పల్చటి ఎముక బద్దతో ఒక్కొక్కటే విడదీశాను. రెండు సాయంత్రాలు పట్టింది. విడదీస్తూ చదివాను, చదువు రానిదాన్ని కాను కదా.

నాలుగులో ఏముందో తెలుసన్నావు. అయితే చెప్పు, దేవుడు అక్కడ ఎవరి మీద వ్యాజ్యం వేశాడు? పేరుకు జనం మీద. కానీ వేలెత్తింది వాళ్ళకు వాక్యం చెప్పాల్సిన యాజకుడి మీద. జనం చెడ్డారంటే నువ్వు మేపలేదు గనకే అని. ఇంకా నాలుగు వాక్యాలు కిందికి రా. మీ కూతుళ్ళు, కోడళ్ళు దారి తప్పితే వాళ్ళని నేను శిక్షించను, మగవాళ్ళు మీరే తప్పారు అంటాడు. దేవుడంతటివాడు ఆడవాళ్ళని వదిలేశాడు. నువ్వు పట్టుకున్నావు.

పదకొండో అధ్యాయం ఇంకా బాగుంది. నిన్ను ఎలా వదులుకోను, నా గుండె నాలోనే తిరగబడుతోంది అంటాడు. కోపం తీర్చుకోను, ఎందుకంటే నేను దేవుణ్ణి, మనిషిని కాను అంటాడు. అంటే మనిషినైతే ఈపాటికి తగలబెట్టేసేవాణ్ణి అనే కదా అర్థం. నువ్వు మనిషివి. అందుకే తగలబెట్టావు. ఆ కథలో ఇద్దరున్నారు, మోసపోయిన దేవుడు, వదిలిపోయిన జనం. నువ్వు తిన్నగా వెళ్ళి దేవుడి కుర్చీలో కూర్చున్నావు. ఖాళీగా ఉందనుకున్నావు కాబోలు.

చిన్నప్పటి నుంచి నీ నోరే నీకు శత్రువు. నోరు మంచిదైతే ఊరు మంచిదని అమ్మ నీకు చెప్పినన్ని సార్లు నాకు చెప్పలేదు. ఇప్పుడు చెయ్యాల్సింది చిన్న పని. వంటింట్లోకి వెళ్ళు. తప్పయిందని చెప్పు. రెండు మాటలు. దానికి మైకు అక్కర్లేదు.

మరదలు నిన్ను వదిలిపోతే నేను నిన్ను చూడను. దాన్ని చూస్తాను. ముందే చెప్తున్నాను.

అక్క


జూలై 30

అక్కా,

ఇన్నాళ్ళు రాయలేదు. పుస్తకం పదకొండో తారీఖున అందింది. కొత్త అట్ట బిగువుగా ఉంది. నాలుగు చదివాను, పదకొండు చదివాను. నాకు తెలుసని నీకు రాసింది అబద్ధం.

మర్నాడు నువ్వు చెప్పినట్టే వంటింట్లోకి వెళ్ళాను. ఆమె గిన్నెలు కడుగుతోంది. 'తప్పయింది' అన్నాను. కుళాయి కట్టేసింది. చేతులు తుడుచుకుంది. తుడుచుకున్నాక 'ఎక్కడన్నారు మీరు ఆ మాట?' అని అడిగింది. సంఘంలో, అన్నాను. 'నలభైమంది ముందు అన్నది వంటింట్లో వెనక్కి తీసుకుంటారా? మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందంటారే, నా సంగతీ అంతే అనుకోండి. విన్నవాళ్ళు వినాలి' అంది.

'ఇప్పుడు ఏడుగురే ఉన్నారు' అన్నాను.

'మిగతావాళ్ళు ఎక్కడున్నారో మీకు తెలుసుగా' అంది. మళ్ళీ కుళాయి తిప్పింది.

నువ్వు చిన్న పని అన్నావు. నీకు ఆమె తెలియదు. నాకూ తెలియదని ఇప్పుడు తెలిసింది.

పధ్నాలుగో తారీఖు ఆదివారం ముందు నా ఏడుగురికి చెప్పాను. సులువైన చోట మొదలుపెట్టాను, అదీ నా బుద్ధి. చెవులు వినపడనాయన 'ఏమన్నాడు?' అని పక్కావిణ్ణి అడిగాడు. ఆవిడ నిద్రలోంచి లేచి 'ఏదో తప్పు చేశాట్ట' అని అరిచి చెప్పింది. ఇరవై ఒకటిన టైర్ల గోడౌను దాకా నడిచాను. గేటు దగ్గర చెప్పుల వరస చూశాను. అందులో ఆమెవి గుర్తుపట్టాను. వెనక్కి వచ్చేశాను. దారంతా నన్ను నేను తిట్టుకున్న తిట్లు నువ్వు కూడా తిట్టి ఉండవు.

మొన్న ఇరవై ఎనిమిదిన లోపలికి వెళ్ళాను. పాట నడుస్తోంది. అందరూ తిరిగి చూశారు. నేను పూడ్చిన పెద్దల పిల్లలు, నేను పెళ్ళి చేసినవాళ్ళు. ఆయన, అదే ఇన్నాళ్ళూ నేను నూనెసీసా అన్నవాడు, నా దగ్గరికి వచ్చి 'ఏమిటన్నా' అన్నాడు. ఒక మాట చెప్పుకోవాలి అన్నాను. ఏం మాట అని కూడా అడక్కుండా మైకు చేతిలో పెట్టాడు. వాడు ఎగతాళి చేసుంటే బాగుండేది. దానికి సిద్ధపడి వెళ్ళాను, దీనికి సిద్ధపడలేదు.

కాగితం లేకుండా మాట్లాడటం నాకు అలవాటు లేదు. ఏమన్నానో చెప్తాను. 'ఏప్రిల్ ఏడున మీలో చాలామంది ముందు నా భార్యను ఒక మాట అన్నాను. దేవుడి కోపం అని చెప్పి అన్నాను. అది దేవుడిది కాదు, నాది. ఆమె ఎవరి వెంటా పోలేదు. తన తల్లి పక్కన కూర్చున్న మనిషికి కృతజ్ఞత చెప్పడానికి ఇక్కడికి వచ్చింది. అక్కడ కూర్చోవలసినవాణ్ణి నేను. కూర్చోలేదు. సిగ్గేసింది, ఆ సిగ్గును ఆమె మీద వేశాను.' ఇంతే. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఇరవై రెండేళ్ళలో నా అతి చిన్న ప్రసంగం.

తర్వాత వాళ్ళ పద్ధతి ప్రకారం కీబోర్డు మొదలైంది. చప్పట్లు. ఎవరో మహిమ అని అరిచారు. పాత సంఘం పాస్టరు మారుమనసు పొందాడని చాటడానికి ఆయన మైకు అందుకోబోయాడు. అప్పుడు ఆమె రెండో వరసలోంచి లేచి కీబోర్డు దగ్గరికి వెళ్ళి 'ఆపు నాయనా' అంది. ఆగిపోయింది. అందరి వైపూ తిరిగి 'విన్నారుగా, ఇక కూర్చోండి' అంది. పుస్తకం తీసుకుని బయటికి నడిచింది. ఆ గొంతుకు హాలు మొత్తం కూర్చుంది అక్కా. నేను కూడా కూర్చోబోయి, తర్వాత వెనకాలే వెళ్ళాను.

ఇంటి దాకా నాలుగడుగులు ముందు నడిచింది. గుమ్మంలో ఆగి, నావైపు తిరక్కుండానే 'ఏప్రిల్ ఏడు నుంచి ఎన్ని వారాలు?' అని అడిగింది.

వేళ్ళ మీద లెక్కపెట్టి 'పదహారు' అన్నాను.

'నాకూ అంత పడుతుంది' అంది. తాళం తీసి లోపలికి వెళ్ళింది.

అది శిక్షో, మాటివ్వడమో నాకు తెలియలేదు. ఇదివరకటి నేనైతే అప్పుడే వాక్యం ఎత్తి చూపించి ఏదో ఒకటి తేల్చమనేవాణ్ణి. నోటిదాకా వచ్చింది. మూసుకున్నాను.

పదహారు వారాలంటే నవంబరు పదిహేడు. ఆ రోజుకీ ఆమెకు మనసు రాకపోతే ఏం చేస్తావురా అని నువ్వు అడుగుతావు. ఇంకా ఎన్నాళ్ళని అడుగుతాను. ఎంతంటే అంత.

తమ్ముడు